తొమ్మిదో తరగతి దరఖాస్తులో తండ్రి పేరు గడి: మా అమ్మాయికి ఎవరి పేరు రాయాలి?

పర్లాకిమిడి నివాసి:
అందరికీ నమస్కారం. మధ్యాహ్నం రెండు గంటల నుంచి రాత్రి తొమ్మిది దాకా ఒక్క దరఖాస్తుతోనే కుస్తీ పడుతున్నాను. మా ఇంటావిడకు మొదటి పెళ్లిలో పుట్టిన మా అమ్మాయి తొమ్మిదో తరగతి. పదో తరగతి పరీక్ష కోసం బడిలో పేర్లు నమోదు చేస్తున్నారు. తండ్రి పేరు గడిలో నా పేరు రాసి పంపితే, జనన ధ్రువపత్రంతోనూ పాత బడి టీసీతోనూ సరిపోలడం లేదని రెండుసార్లు తిప్పి పంపారు. మా అబ్బాయిదీ అదే తరగతి, వాడి దరఖాస్తు పది నిమిషాల్లో పూర్తయింది. ఆరేళ్లుగా ఆ పిల్లకు జ్వరం వస్తే రాత్రంతా మేలుకున్నవాణ్ణి నేను, ఫీజు కట్టినవాణ్ణి నేను. ఎల్లుండి ఆఖరు తేదీ. నోటరీ అఫిడవిట్ సరిపోతుందా, తహసీల్దారు కార్యాలయానికి వెళ్లాలా?

మహేంద్రగిరి:
అమ్మాయి కన్నతండ్రి జీవించి ఉన్నారా, లేరా? అది తెలియకుండా జవాబు చెప్పలేం.

బరంపురం న్యాయ విద్యార్థి:
తండ్రి గతించారనే అనుకుంటున్నాను. అలాగైతే 2022 జూలై 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీకు పనికొస్తుంది. అది ఒక తెలుగు కుటుంబం కేసే. భర్త పోయాక మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లికి, బిడ్డ ఇంటిపేరు ఏదో నిర్ణయించే హక్కు ఉందని న్యాయస్థానం చెప్పింది. పత్రాల్లో ఆమె రెండో భర్తను సవతి తండ్రి అని రాయాలన్న హైకోర్టు ఆదేశాన్ని, అది పిల్లవాడి మనసుకు ఎంత గాయమో వివరించి మరీ తప్పుపట్టింది.

భాషాభిమాని:
తీర్పు మంచిదే, కానీ 'సవతి తండ్రి' అన్న మాటను మనమూ వాడటం బాధ కలిగిస్తుంది. సవతి అంటే భర్తకు మరొక భార్య, సంస్కృతంలోని సపత్ని నుంచి వచ్చిన మాట. సవతి తల్లి అంటే అర్థముంది గాని, తండ్రి సవతి ఎలా అవుతాడు? మారుమనువు అన్న మాట మనకు ఉండనే ఉంది కాబట్టి మారుతండ్రి అనడమే ఉచితం.

మహేంద్రగిరి:
ఇక్కడి ఒడియావారు 'సావత బాపా' అంటారు, అది విని విని మనకూ అలవాటైంది. ముందు ఆయన చిక్కు విప్పుదాం.

పర్లాకిమిడి నివాసి:
క్షమించాలి, అందరికీ అర్థమయ్యే ఉంటుందనుకున్నాను. అమ్మాయి తండ్రి క్షేమంగా ఉన్నారు, పలాసలో ఉంటారు. 2017లో పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకున్నారు. నెలనెలా డబ్బు పంపుతారు, దసరా సెలవులకు అమ్మాయిని తీసుకువెళతారు. నా మొదటి భార్య 2016లో కాలం చేసింది, అబ్బాయి ఆమె కొడుకు. మా పెళ్లి 2019లో జరిగింది. అమ్మాయి పుట్టింది పాతపట్నంలో. అది నన్ను బాబాయి అని పిలుస్తుంది.

పాతపట్నం దస్తావేజు లేఖరి:
అయ్యా, ఇప్పుడు విషయం పూర్తిగా వేరు. ఆ తీర్పు తండ్రి లేని పిల్లలకు సంబంధించినది, మీకు వర్తించదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఆరో సెక్షన్, అందులోని తల్లి, తండ్రి అన్న మాటల్లోకి మారుతల్లి గాని మారుతండ్రి గాని రారని స్పష్టంగా చెబుతోంది. కనుక మీ భార్యను పెళ్లాడినంత మాత్రాన మీరు అమ్మాయికి సహజ సంరక్షకులు కాలేరు, వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఏమి రాయించినా తండ్రి మారరు.
తండ్రి స్థానంలో మీ పేరు రావాలంటే దత్తతే దారి. దానికి దత్తతల కోసం ప్రభుత్వం నడిపే కేరింగ్స్ పోర్టల్‌లో మీ దంపతులు నమోదు చేసుకోవాలి, పలాసలో ఉన్నాయన లిఖితపూర్వకంగా అంగీకరించాలి, అమ్మాయి ఇష్టాన్నీ కనుక్కుంటారు, చివరికి ఉత్తర్వు జిల్లా మేజిస్ట్రేటు ఇస్తారు. 2022 సెప్టెంబరుకు ముందు ఈ పని కోర్టుది. జననం నమోదైంది ఆంధ్రలో మా వైపు గనుక, ఆ ఉత్తర్వు పట్టుకుని ధ్రువపత్రం దిద్దించుకోవడానికి మీరు ఒడిశా సరిహద్దు దాటి ఇక్కడికే రావాలి, మీ గజపతి జిల్లాలో ఆ పని జరగదు. ఎల్లుండిలోగా ఇవేవీ కావు. తండ్రి గడిలో జనన ధ్రువపత్రంలోని పేరే రాయండి, సంతకం తల్లి చేత పెట్టించండి, సంరక్షకుడి గడి వేరుగా ఉంటే అందులో మీ పేరు రాయండి.
ఇంకొక మాట. దత్తత అయిందంటే చట్టరీత్యా ఆయనకూ ఆ పిల్లకూ బంధం తెగిపోతుంది. నెలనెలా డబ్బు పంపి, దసరాకు తీసుకువెళ్లే మనిషిని అది అడిగే ముందు బాగా ఆలోచించండి.

రాయగడ విశ్రాంత ఉద్యోగి:
అసలు సంగతి ఎవరూ చెప్పడం లేదు. వీలునామా రాయకుండా మీరు పోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ ఆస్తి మీ భార్యకూ కొడుక్కూ వస్తుంది, తల్లి ఉంటే ఆమెకూ వాటా ఉంటుంది. ఆ అమ్మాయికి మీ వారసురాలిగా ఏమీ రాదు. ఇలాంటి ఇళ్లలో అందరూ ప్రేమగానే ఉంటారు, కాగితం మాత్రం ఎవరూ రాయరు. ఈ వారమే వీలునామా రాసి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించండి.

మహేంద్రగిరి:
ఆయన అడిగింది దరఖాస్తు గురించి.

రాయగడ విశ్రాంత ఉద్యోగి:
దరఖాస్తు ఎల్లుండితో అయిపోతుంది. ఆడపిల్ల బతుకు అయిపోదు కదా.

గుణుపురం అక్క:
తమ్ముడూ, నేను అలాంటి ఇంట్లో పెరిగినదాన్నే. బడిలో నా ఇంటిపేరు వేరు, తమ్ముళ్లది వేరు. నిజం చెప్పాలంటే ఆ తేడా నన్ను పెద్దగా బాధించలేదు. ఇంట్లో పెద్దవాళ్లు మా నాన్న పేరు వినబడగానే మాట మార్చేసేవారు, అది మాత్రం చాలా ఏళ్లు బాధించింది. నా పెళ్లికి శుభలేఖలో ఇద్దరి పేర్లూ వేయించింది మా మారునాన్నే. పీటల మీద అమ్మతో ఆయన కూర్చుని కన్యాదానం చేశారు, మా నాన్న ముందు వరుసలో కూర్చుని అక్షింతలు వేశారు. ఆ రోజు వాళ్లిద్దరూ పక్కపక్కన భోజనం చేయడం చూసి నాకు కడుపు నిండిపోయింది. ఇంతకీ ఆ గడిలో ఎవరి పేరు రాయాలని మీ అమ్మాయిని ఎవరైనా అడిగారా?

భాషాభిమాని:
మారునాన్న! ఈ మాట నేనెప్పుడూ వినలేదు. ఎంత బాగుంది!

పర్లాకిమిడి నివాసి:
ఈ ఉదయం పంపించాం. అక్కగారి ప్రశ్న చదివాక అమ్మాయినే నింపమన్నాను. తండ్రి గడిలో వాళ్ల నాన్న పేరు రాసింది, సంరక్షకుడి గడిలో నన్నడగకుండానే నా పేరు రాసింది. ఈసారి తిప్పి పంపలేదు. దత్తత మాట ఇప్పట్లో ఎత్తను. వీలునామా విషయం మా ఇంటావిడతో మాట్లాడతాను. అందరికీ ధన్యవాదాలు.

జయపురం నుంచి ఒక తల్లి:
లేఖరిగారూ, మా అబ్బాయిదీ ఇదే తరగతి. వాడి తండ్రి ఎనిమిదేళ్లుగా ఎక్కడున్నారో తెలియదు, విడాకులు కాలేదు. దత్తతకు ఆయన అంగీకారం ఎలా తీసుకోవాలి? దయచేసి ఎవరైనా చెప్పగలరు.