తెలుగు చదివే కళ్ళకు వేగమైన తెర కావాలా, చిక్కనైన తెర కావాలా?

మారతహళ్ళి పాఠకుడు:

బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు వారంలో ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని చేస్తున్నాను. పగలు కోడ్ రాయడం, సాయంత్రం ఒక తెలుగు పత్రికకు ప్రూఫులు దిద్దడం, రాత్రి వీలు దొరికితే కాసేపు ఆట. నా బల్ల ముందు జరిగే పనులు ఈ మూడే. సంస్థ ఇచ్చిన లాప్‌టాప్ కాక, ఆటల కోసం ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డున్న సొంత డెస్క్‌టాప్ కూడా ఉంది. ఇప్పుడు ఒక మంచి మానిటర్, ఒక మెకానికల్ కీబోర్డు (ప్రతి మీట కింద విడిగా స్విచ్ ఉండేది) కొనదలచుకున్నాను. ఈ సరంజామా మీద మక్కువ ఉన్న మిత్రులందరూ 27 అంగుళాల 1440పీ (2560×1440 పిక్సెళ్ళు), 180 హెర్ట్జ్ (సెకనుకు 180 సార్లు బొమ్మ మారే) గేమింగ్ మానిటర్ తీసుకోమంటున్నారు. దాని ధరకు కొంచెం అటూ ఇటూగా 60 హెర్ట్జ్ 4కె (3840×2160 పిక్సెళ్ళు) మానిటర్ కూడా వస్తోంది కనుక ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. తెలుగు టైపు చేసేవారికి మెకానికల్ కీబోర్డు వల్ల నిజమైన ప్రయోజనం ఉందా అన్నది నా రెండో ప్రశ్న. నాది అద్దె ఇల్లు, బల్ల చిన్నది, పక్క గదిలో మరొకరు ఉంటారు.

అక్షరదృష్టి:

4కె తీసుకోండి. మీ మూడు పనుల్లో రెండు చదవడానికి సంబంధించినవే కాబట్టి, తెరను చదువు కోసం ఎంచుకుని ఆటను దానికి సర్దుబాటు చేసుకోవడమే సబబు.

27 అంగుళాల తెర మీద 1080పీ (1920×1080) అయితే అంగుళానికి సుమారు 82 పిక్సెళ్ళు, 1440పీ అయితే 109, 4కె అయితే 163 వస్తాయి. ఇంగ్లిషు మాత్రమే చదివేవారికి 109 చాలునని మానిటర్ల సమీక్షల్లో తరచూ కనిపిస్తుంది. వారి లిపి విషయంలో అది చాలావరకు నిజమే కూడా. తెలుగు లిపి నిర్మాణం వేరు. ఒకే వరుసలో పైన తలకట్టు, గుడి, ఏత్వం, మధ్యలో అక్షరం, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద మరో వత్తు ఇమడాలి. ఆ వత్తు అసలు అక్షరం కన్నా బాగా చిన్నది కనుక, తక్కువ సాంద్రత ఉన్న తెర మీద దాని వంపులకు దక్కేవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని పిక్సెళ్ళే. ద, ధ, థ అనే మూడింటి మధ్య ఉన్న తేడా చూడండి. ఒకదానికి కింద చిన్న గీత, మరొకదానికి కడుపులో చుక్క, అంతే. ప్రూఫులు దిద్దేవారి కళ్ళు రోజంతా వెతికేది సరిగ్గా ఆ గీతనీ ఆ చుక్కనీ. అవి మసకగా కనిపిస్తే, దిద్దేవారు అక్షరాన్ని చూడకుండా సందర్భాన్ని బట్టి ఊహించుకుని ముందుకు పోతారు. అచ్చుతప్పులు అక్కడే జారిపోతాయి.

విండోస్‌లో 150 శాతం స్కేలింగ్ పెట్టుకుంటే 4కె తెర మీద మీకు దొరికే చోటు 1440పీతో సమానంగానే ఉంటుంది, ఎందుకంటే 3840ని ఒకటిన్నరతో భాగిస్తే 2560 వస్తుంది. చోటు అంతే ఉండి, ప్రతి అక్షరాన్నీ గీయడానికి 2.25 రెట్లు పిక్సెళ్ళు దొరుకుతాయి.

వేగప్రియ:

అక్షరదృష్టి గారు చెప్పిన లెక్కలతో నాకు పేచీ లేదు. అయితే రిఫ్రెష్ రేటు (సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుతుందన్న లెక్క) ఆటలకే పనికొస్తుందన్నట్టు వారు దాన్ని పక్కన పెట్టడాన్ని మాత్రం ఒప్పుకోలేను.

60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో చిత్రం 16.7 మిల్లీసెకన్లు కదలకుండా నిలుస్తుంది. 180 హెర్ట్జ్ మీద అది 5.6 మిల్లీసెకన్లకు తగ్గుతుంది. మనం పేజీని పైకి జరుపుతూ చదివేటప్పుడు కన్ను అక్షరం వెంట నిరంతరాయంగా సాగుతుంది, తెర మీది బొమ్మ మాత్రం ఆగి ఆగి కదులుతుంది. ఆ పొంతన లేకపోవడమే మసకగా కనిపిస్తుంది. సెకనుకు వెయ్యి పిక్సెళ్ళ వేగంతో జరుగుతున్న పాఠం 60 హెర్ట్జ్ వద్ద సుమారు 17 పిక్సెళ్ళ మేర అలుక్కుపోతే, 180 వద్ద ఆ అలుకు ఆరు పిక్సెళ్ళ లోపే. పొడవైన లాగ్ ఫైళ్ళలో తప్పు వెతికే ప్రోగ్రామర్లకు ఇది రోజువారీ వ్యవహారం.

సాంద్రత విషయంలో దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. సాధారణమైన మంచి చూపుకు, చూపు కోణంలో ఒక్కో డిగ్రీకి 60 పిక్సెళ్ళు ఉంటే విడివిడి పిక్సెళ్ళు తెలియవని అంటారు. 27 అంగుళాల 1440పీ తెరను 80 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే మీకు దాదాపు ఆ 60 వచ్చేస్తాయి. అంతకు మించిన పిక్సెళ్ళకు డబ్బు పెట్టి, పైగా 3060 కార్డు మీద రెండుంపావు రెట్లు భారం వేసి, ఆటను గతుకుల రోడ్డు మీద బస్సు ప్రయాణంలా మార్చుకోవడం ఎందుకు? అక్షరం చిన్నదైతే ఫాంటు సైజు పెంచుకోవచ్చు. 60 హెర్ట్జ్ తెరను 180 చేసుకునే దారి మాత్రం లేదు.

అక్షరదృష్టి:

దూరం లెక్క తెచ్చినందుకు ధన్యవాదాలు. ఈ చర్చ తేలవలసింది నిజానికి అక్కడే. 80 సెంటీమీటర్ల దూరం రావాలంటే బల్లకు తగినంత లోతు ఉండాలి. మన బెంగళూరు అద్దె గదుల్లో గోడకు ఆనించి వేసుకునే బల్లలు చాలావరకు 45 నుంచి 60 సెంటీమీటర్ల లోతు ఉంటాయి. మానిటర్ స్టాండు అందులో సగం వరకు తినేశాక, తెరకూ కంటికీ మధ్య 55 సెంటీమీటర్లు మిగిలితే గొప్ప. ఆ దూరంలో 1440పీ డిగ్రీకి 41 పిక్సెళ్ళే ఇస్తుంది. 4కె 62 ఇస్తుంది. అంటే వేగప్రియ గారు పెట్టిన కొలమానం ప్రకారమే, చిన్న బల్ల ఉన్న మనిషికి 4కె విలాసం కాదు. ఆ గీటును అందుకునేది అదొక్కటే.

ఫాంటు పెంచుకోవచ్చన్న మాటకు ఒక పరిమితి ఉంది. ప్రూఫులు దిద్దేటప్పుడు పేజీని పేజీగా, అచ్చులో పడబోయే రూపంలో చూడాలి. ఒక వాక్యం పక్క పంక్తిలోకి ఎలా విరిగింది, శీర్షిక కింద ఎంత ఖాళీ మిగిలింది అన్నవి పేజీ మొత్తం కనిపిస్తేనే తెలుస్తాయి. పెద్దది చేసుకుంటే అక్షరం దొరుకుతుంది, పేజీ పోతుంది.

ఆట సంగతికొస్తే, 4కె తెర మీద 1080పీని నడిపితే ఒక పిక్సెల్ సరిగ్గా నాలుగు పిక్సెళ్ళుగా మారుతుంది. ఎన్విడియా డ్రైవర్లలో ఇంటిజర్ స్కేలింగ్ అనే ఎంపిక అందుకే ఉంది. డీఎల్ఎస్ఎస్ (తక్కువ పిక్సెళ్ళతో గీసిన బొమ్మను పెద్దది చేసి చూపే ఎన్విడియా పద్ధతి) ఉన్న ఆటల్లో పెర్ఫార్మెన్స్ మోడ్ పెడితే కార్డు లోపల 1080పీలోనే గీసి 4కెకు పెంచి చూపుతుంది. 3060కి ఇది మోయలేని బరువు కాదు. మీరు ఆడేది పోటీగా ఆడే షూటింగ్ ఆటలైతే మాత్రం వేగప్రియ గారి మాటే వినండి. అక్కడ 60 హెర్ట్జ్ నిజంగా చేటు.

ఎస్పీ రోడ్డు మిత్రుడు:

రెండూ కలిసిన మానిటర్లు ఇప్పుడు వస్తున్నాయి. 4కె వద్ద 144 లేదా 160 హెర్ట్జ్ ఇచ్చి, ఒక మీట నొక్కితే 1080పీ వద్ద దానికి రెట్టింపు వేగం ఇచ్చేవి కూడా ఉన్నాయి. ధర ఎక్కువే. అయినా అయిదారేళ్ళు వాడే వస్తువు కాబట్టి కొన్ని నెలలు ఆగి దాన్ని కొనడం కూడా ఆలోచించదగిన దారే.

ఓఎల్ఈడీ (ప్రతి పిక్సెలూ తనంతట తానే వెలిగే తెర) వైపు మాత్రం ఇప్పుడే వెళ్ళకండి. వాటిలో చాలావాటి పిక్సెల్ లోపల ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కల అమరిక మామూలు తెరల్లాగా వరుసగా ఉండదు. విండోస్‌లోని క్లియర్‌టైప్ ఆ వరుసను నమ్ముకునే అక్షరాల అంచులను నునుపు చేస్తుంది కనుక, కొన్ని ఓఎల్ఈడీ తెరల మీద అంచుల వెంబడి రంగుల చార కనిపిస్తుంది. వంపులే ప్రాణమైన మన లిపికి అది మరింత ఇబ్బంది. పైగా రోజంతా కదలకుండా ఉండే టాస్క్‌బారూ, ఎడిటర్ అంచులూ కొన్నేళ్ళకు తెర మీద ముద్ర వేసే ప్రమాదం ఉంది.

కొనేముందు బెంగళూరులో ఎలక్ట్రానిక్ సామాన్ల బజారైన ఎస్పీ రోడ్డుకు వెళ్ళి, మీరు దిద్దే తెలుగు పీడీఎఫ్‌నే పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోయి, తెర ఆన్ చేసి చూపించే దుకాణంలో తెరిచి చూడండి. ప్రదర్శన కోసం వేసే పూల వీడియోలు చూసి అక్షరం ఎలా ఉంటుందో చెప్పలేం.

ఇన్‌స్క్రిప్ట్ వాడుకరి:

రెండో ప్రశ్నను అందరూ వదిలేశారు. నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది అదే.

మారతహళ్ళి పాఠకుడు గారూ, మీరు తెలుగును ఏ పద్ధతిలో టైపు చేస్తారన్న దాని మీద కీబోర్డు ఎంపిక ఆధారపడుతుంది. లేఖిని వంటి పరికరాల్లో ఇంగ్లిషు అక్షరాలతో కొడితే ఏ కీబోర్డయినా ఒకటే. ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషలకు ప్రామాణికంగా ఉన్న మీటల అమరిక) వాడితే మాత్రం కీబోర్డు పరిమాణం విషయంలో చాలా జాగ్రత్త అవసరం. ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. పొల్లు డీ మీట మీద ఉంటుంది. స్త్రీ అని రాయాలంటే ఆరు మీటలు నొక్కాలి, అందులో రెండుసార్లు ఆ డీ మీటే. ఒత్తక్షరాలు షిఫ్టుతో వస్తాయి, అంటే ద ఉన్న మీటకే షిఫ్టు కలిపితే ధ వస్తుంది. మెకానికల్ కీబోర్డులో మీట అడుగుదాకా తగలకముందే, మామూలుగా 4 మిల్లీమీటర్ల ప్రయాణంలో 2 మిల్లీమీటర్ల దగ్గరే, అక్షరం నమోదవుతుంది. సంయుక్తాక్షరాల మీద సంయుక్తాక్షరాలు కొట్టే చేతికి ఈ సగం దూరం పెద్ద ఊరట. మెంబ్రేన్ కీబోర్డులో రబ్బరు బుడగ పూర్తిగా నలిగితే తప్ప మీట పలకదు.

ఇక పరిమాణం. బల్ల చిన్నదని చాలామంది 60 శాతం కీబోర్డు (పై ఫంక్షన్ మీటల వరుస, బాణం మీటలు, అంకెల దిమ్మె లేనిది) కొంటారు. అంకెల వరుసలో 1కి ఎడమన మూలనుండే మీట వాటిలో ఎస్కేప్‌గా మారిపోతుంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో హ్రస్వమైన ఒత్వం ఉండేది సరిగ్గా ఆ మూల మీట మీదే. దానికే షిఫ్టు కలిపితే ఒ వస్తుంది. కొత్త, పొలం, ఒకటి, ఒప్పు లాంటి మాటలు వచ్చిన ప్రతిసారీ ఫంక్షన్ మీట పట్టుకోవలసి వస్తే ఎవరికైనా విసుగొస్తుంది. 65 శాతం వాటిలోనూ చాలావాటికి ఇదే కొరత. కాబట్టి ఫంక్షన్ మీటల వరుస ఉండే 75 శాతం గానీ, అంకెల దిమ్మె మాత్రమే తీసేసిన టెన్‌కీలెస్ గానీ తీసుకోండి. ఇప్పటికే చిన్నది కొన్నవారు, అందులో మీటల పని మార్చే క్యూఎంకే లేదా వయా సాఫ్ట్‌వేర్ పనిచేస్తే, ఆ అక్షరాన్ని అంతగా వాడని మరో మీటకు మార్చుకోవచ్చు.

తెలుగు అక్షరాలు అచ్చయిన కీక్యాప్‌ల కోసం వెతికి కాలం వృథా చేసుకోకండి. మీటలు చూడకుండా కొట్టడం అలవాటైతే వాటితో పని ఉండదు.

కళ్యాణ్‌నగర్ సభ్యురాలు:

ఒక అభ్యంతరం చెప్పాలి. ఈ చర్చలో అందరూ వస్తువు గురించే మాట్లాడుతున్నారు, పక్క గదిలో మనిషి ఉన్నారన్న విషయం మరిచారు. టకటకమనే నీలి స్విచ్‌ల శబ్దం మన పల్చటి గోడలకు ఆగదు. రాత్రి పూట ప్రూఫులు దిద్దుతారంటే, పక్కవారి నిద్ర చెడిపోతుంది.

రెండోది ఎత్తు. మెకానికల్ కీబోర్డు ముందు అంచు సన్నని కీబోర్డు కన్నా బాగా ఎత్తుగా ఉంటుంది. అద్దె ఇళ్ళలో చాలామంది వాడేది భోజనాల బల్ల, దాని ఎత్తు దాదాపు 75 సెంటీమీటర్లు. ఎత్తు మీద ఎత్తు చేరి మణికట్టు పైకి వంగిపోతుంది. గంటల తరబడి ఆ వంపులో టైపు చేయడం మంచిది కాదు. ముందు కుర్చీ, తరువాత కీబోర్డు అని నా అభిప్రాయం.

ఇన్‌స్క్రిప్ట్ వాడుకరి:

శబ్దం విషయంలో మీరన్నది అక్షరాలా నిజం, నేను నీలివాటిని ఎవరికీ సిఫారసు చేయను. ఎర్ర స్విచ్‌లు అడ్డూ ఆపూ లేకుండా దిగుతాయి, గోధుమరంగువాటిలో చిన్న గతుకు వేలికి తెలుస్తుంది, రెంటిలోనూ ఆ టకటక ఉండదు. శబ్దాన్ని అణిచే సైలెంట్ స్విచ్‌లు వేరే ఉన్నాయి. హాట్‌స్వాప్ ఉన్న కీబోర్డు కొంటే సోల్డరింగ్ లేకుండానే స్విచ్‌లు మార్చుకోవచ్చు కాబట్టి పక్క గదివారి మాటను బట్టి మార్చుకునే వీలుంటుంది. ఎత్తుకు పరిష్కారంగా లో ప్రొఫైల్ మెకానికల్ కీబోర్డులు ఉన్నాయి. కాకపోతే వాటిలో మీట ప్రయాణం కొంత తగ్గుతుంది.

కుర్చీ ముందన్న మాటతో వాదించను. కాని అడిగినవారు కుర్చీ గురించి అడగలేదు, వారికి ఇప్పటికే మంచి కుర్చీ ఉండవచ్చు.

మారతహళ్ళి పాఠకుడు:

కుర్చీ ఉంది. బల్ల కొలిచి చూశాను, స్టాండు పోను కంటికి మిగిలే దూరం 60 సెంటీమీటర్ల లోపే. నేను ఆడేవి నెమ్మదిగా సాగే కథాప్రధానమైన ఆటలు. అందుచేత 4కె వైపే మొగ్గుతున్నాను, కీబోర్డు 75 శాతం, సైలెంట్ స్విచ్‌లు. సంస్థ ఇచ్చిన లాప్‌టాప్‌ను కూడా ఇదే తెరకు కలపాలి. అందులో ఒక హెచ్‌డీఎంఐ, ఒక యూఎస్‌బీ-సీ ఉన్నాయి. ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

వేగప్రియ:

మీ దూరం లెక్క చూశాక నేనూ 4కె వద్దనను, మీ బల్లకు అదే సరైనది. లాప్‌టాప్ విషయంలో ఒకటి సరిచూసుకోండి. ఆ హెచ్‌డీఎంఐ 1.4 తరంది అయితే 4కెను 30 హెర్ట్జ్‌కు మించి పంపలేదు. 60 రావాలంటే కనీసం 2.0 ఉండాలి. చవకగా దొరికే యూఎస్‌బీ-సీ హబ్బుల్లోనూ చాలావాటికి ఇదే 30 పరిమితి ఉంటుంది, పెట్టె మీద 4కె అని మాత్రమే పెద్దగా రాసి ఉంటుంది. 30 హెర్ట్జ్ వద్ద మౌస్ బాణమే ఈడ్చుకుంటూ కదులుతుంది, అక్కడ ఎంత సాంద్రత ఉన్నా పని సాగదు. యూఎస్‌బీ-సీలో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ (అదే రంధ్రం ద్వారా తెరకు బొమ్మ పంపే సౌకర్యం) ఉందో లేదో లాప్‌టాప్ మోడల్ పేరుతో తయారీదారు పేజీలో చూసి, ఉంటే హబ్బు లేకుండా నేరుగా ఒకే తీగతో మానిటర్‌కు కలపండి. మానిటర్‌కే యూఎస్‌బీ-సీ ఉన్నది ఎంచుకుంటే, అది మీ లాప్‌టాప్‌కు చాలినన్ని వాట్లు ఇచ్చేదైతే, అదే తీగ ఛార్జింగ్ కూడా ఇస్తుంది. డెస్క్‌టాప్‌కు డిస్‌ప్లేపోర్ట్ విడిగా ఉంచుకోండి.