ప్రేమపాట బాణీకి స్తుతి మాటలు అతికిస్తే ఆరాధన గీతమవుతుందా?

పాతకీర్తన: అందరి నోటా నానుతున్న ప్రేమపాటను తీసుకుని, ప్రియురాలి పేరున్న చోట యేసు పేరు పెట్టి ఆరాధనలో పాడించడం ఎక్కువైపోయింది. చరణాల మధ్య వాద్యాల వరుస కూడా అచ్చం అదే. పల్లవి మొదలవగానే మనసులో మెదిలేది సినిమా దృశ్యమే. దేవుని కోసం సొంతంగా ఒక బాణీ కట్టలేమా?

స్వరలహరి: చరిత్ర చూడండి. క్రీస్తు ముళ్లకిరీటాన్ని తలచుకుంటూ ఎన్నో దేశాలవారు పాడే కీర్తన బాణీ ఎక్కడిది? జర్మన్ స్వరకర్త హాన్స్ లియో హాస్లర్ 1601లో ప్రచురించిన ప్రేమగీతానిది. క్రీస్తు శ్రమల గురించిన మత్తయి సువార్త సంగీతంలో జర్మన్ స్వరకర్త బాఖ్ దాన్నే పదేపదే వాడాడు. అది వింటూ కన్నీరు పెట్టుకునేవారికి ఆ ప్రేమగీతం గుర్తొస్తుందా? ప్రొటెస్టంట్ సంస్కర్త మార్టిన్ లూథర్ కూడా మద్యశాల పాటలే తీసుకున్నాడు.

పాతకీర్తన: మద్యశాల కథకు ఆధారం లేదు. తన క్రిస్మస్ కీర్తనకు లూథర్ మొదట జానపద బాణీ వాడిన మాట నిజమే. 1539లో దానికి కొత్త బాణీ వచ్చింది. నేడు పాడేది ఆ కొత్తదే.

వెన్నెల: బాఖ్ 1734 నాటి క్రిస్మస్ సంగీతం భేరీలతో ఎందుకు మొదలవుతుంది? అంతకు ముందు ఏడాది రాణి పుట్టినరోజుకు రాసిన సంగీతమది. భేరీలను మోగమనే మాటలతోనే అది మొదలైంది. రాణిని పొగిడిన స్వరాలే క్రీస్తు జననానికి వచ్చాయి.

పాతకీర్తన: అది బాఖ్ సొంత సంగీతం. ఎవరినీ అనుకరించలేదు.

స్వరలహరి: హాస్లర్ బాణీ కూడా బాఖ్ సొంతమా? ఆ ప్రశ్న దాటవేశారు.

పాతకీర్తన: బాఖ్ చేతికి వచ్చేనాటికే అది కీర్తనగా స్థిరపడి వందేళ్లు దాటింది. నేను మాట్లాడేది నిన్నమొన్నటి పాటల గురించి.

స్వరలహరి: అయితే పాతబడితే పవిత్రమైపోతుందన్న మాట!

కుంచె: నేను బొమ్మలు వేస్తాను. గొర్రెను భుజాలపై మోసే మనిషి రూపం క్రైస్తవులకు ముందే గ్రీకు, రోమన్ కళలో ఉంది. రోమ్ భూగర్భ సమాధుల గోడల మీద అదే మంచి కాపరి అయింది. పాత రూపానికి వారు కొత్త ప్రాణం పోశారు. సినిమా ప్రచార చిత్రంలో ముఖం మార్చి అతికించే పని అలాంటిది కాదు.

స్వరలహరి: మా సంఘంలో పాటలు నేర్పేది నేనే. కొత్త బాణీ ఎత్తుకుంటే వెనుక వరుసలు నోరు విప్పవు. తెలిసిన బాణీ అయితే చదువు రాని పెద్దావిడ కూడా గొంతు కలుపుతుంది. మీలాంటివారికి ఆరాధన అంటే కచేరీ.

పాతకీర్తన: కచేరీ అన్న మాట వెనక్కి తీసుకోండి. బైబిల్లోని నూట ముప్పైయవ కీర్తనకు నేను బాణీ కట్టి తీసుకెళితే, గాయకబృందం నాయకుడు రెండు చరణాలు విని, "ఇది ఎవరికి తెలుసు?" అని ఆపేశాడు. తర్వాతి వారం ఆ మాటలనే ఒక హుషారు పాట బాణీలో పాడించారు. అగాధంలోంచి మొరపెట్టే కీర్తనకు చప్పట్లు కొట్టించారు!

వెన్నెల: చప్పట్లు మాత్రం అన్యాయం.

స్వరలహరి: అంటే మీ కోపం సినిమా బాణీ మీద కాదు, మీ పాట ఆపినందుకు.

పాతకీర్తన: ఎందుకు ఆపారన్నది చూడండి. సంఘం కొత్తది నేర్చుకోలేదని ముందే తీర్మానించారు. మీ తీర్పూ అదే. ఆ పెద్దావిడ మీద మీకు నమ్మకం లేదు.

స్వరలహరి: ఆమె అలసిపోయి వస్తుంది. ఉన్న ఆ కాసేపైనా ఆమె పాడాలి. నేర్చుకునేదాకా పక్కవారు పాడుతుంటే వింటూ కూర్చోవాలా?

పాతకీర్తన: కొన్ని వారాలు కూర్చుంటే తప్పేమిటి? ఆమెకు తెలిసిన పాత కీర్తనలన్నీ ఒకప్పుడు కొత్తగా నేర్చుకున్నవే కదా. ఒక్క కొత్త పాటనైనా వదలకుండా నేర్పి చూశారా?

కుంచె: స్వరలహరి గారూ, నాకూ ఆ జవాబే కావాలి.