జీతంలో కోతలు, అందరి ముందు అవమానాలు: కార్మిక శాఖకు ఫిర్యాదు చేయవచ్చా?

తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గరి ఒక లాడ్జిలో నేను ఆరేళ్లుగా రిసెప్షన్‌లో పనిచేస్తున్నాను. కొత్త మేనేజరు వచ్చినప్పటి నుంచి, బ్రహ్మోత్సవాల రద్దీలో వరుసగా రెండు షిఫ్టులు చేసినవారికి అదనపు వేతనం ఇవ్వకపోగా, పది నిమిషాలు ఆలస్యమైనా హాజరు పట్టీలో పేరు పక్కన ఎర్ర సిరాతో సున్నా చుట్టి జరిమానా వేస్తున్నారు. పోయిన నెల నా 14,000 రూపాయల జీతంలో 2,100 రూపాయలు అలాగే పోయాయి. డబ్బు సంగతి అలా ఉంచితే, గదులు శుభ్రం చేసే పెద్దావిడను, దుప్పటి మీద మరక మిగిలిందని, ఆ దుప్పటి చేతికిచ్చి యాత్రికుల ముందే అరగంట నిలబెట్టారు. ఆమె కళ్లు తుడుచుకుని మళ్లీ పనిలోకి వెళ్లడం నేను మరచిపోలేకపోతున్నాను. యజమానికి చెప్పుకుంటే సర్దుకుపొమ్మన్నారు.

2019 నాటి వేతనాల కోడ్ ప్రకారం జరిమానా ఆ నెల వేతనంలో 3 శాతం మించరాదనీ, ముందుగా సంజాయిషీ అడగాలనీ చదివాను. ఆ లెక్కన నాకు 420 రూపాయలు దాటకూడదు. మాకు నియామక పత్రాలు లేవు. హాజరు పట్టీ ఫోటోలు, బ్యాంకు పాస్‌బుక్కు మాత్రమే ఉన్నాయి. ఈ ఆధారాలు సరిపోతాయా? ఐదుగురం కలిసి ఒకే అర్జీ పెట్టవచ్చా? విచారణ ముగిసేలోగా మమ్మల్ని పనిలోంచి తీసివేస్తే ఏం చేయాలి? అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.