కాలనీ స్థలంలో డర్ట్ జంప్‌లు: నల్లరేగడి పనికొస్తుందా?

ప్రశ్న: సైకిళ్ల డర్ట్ జంప్ (మట్టి దిబ్బల మీంచి సైకిల్‌తో ఎగిరే ఆట) పార్కుకు 40 × 15 మీటర్ల స్థలం ఉంది, నేల నల్లరేగడి. పిల్లల కోసం ఒకే వరసలో మూడు టేబుల్‌టాప్‌లు (ఎక్కే వాలుకీ దిగే వాలుకీ మధ్య పైన చదునుగా ఉండే జంప్‌లు) కట్టాలి. ఎంత మట్టి తోలించాలి?

జవాబు 1: రేగడితో కట్టొద్దు, అన్నా. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చక్రం దిగేంత నెర్రెలిస్తుంది. బంక కాస్త ఉన్న ఎర్రమట్టి తెప్పించండి. 90 సెం.మీ. ఎత్తు, 2 మీటర్ల బల్ల (పైన చదును భాగం), పైన 1.5 మీటర్ల వెడల్పు ఉన్న జంప్‌కు గట్టిపడ్డాక 8 ఘనపు మీటర్ల పైనే పడుతుంది. వదులు మట్టి లెక్కన ఒక్కో జంప్‌కు 100 ఘనపుటడుగుల ట్రాలీలు నాలుగు.

జవాబు 2: 40 మీటర్లలో మూడు పట్టవు, రెండే కట్టండి. ఒక్కోటి ఆరున్నర మీటర్లు తింటుంది, మధ్యలో 8 మీటర్లు వదలాలి, చివర ఆగడానికి చోటు కావాలి. ఎక్కే వాలు 4 మీటర్ల వ్యాసార్థపు వంపు, దిగేది 25 డిగ్రీల తిన్నని వాలు. దిగే వైపు వెడల్పు పెంచండి, పిల్లలు పక్కకు పడేది అక్కడే.

జవాబు 1: ఇంకోటి, అందరూ తప్పు చేసేది ఇక్కడే. మట్టంతా ఒకేసారి కుప్పపోసి పైపైన దిమ్మిస కొడితే లోపల గుల్లగా ఉండి మొదటి వానకే కుంగుతుంది. 15 సెం.మీ. పొరకొకసారి తడిపి కొట్టాలి. పిడికిట నొక్కితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు.

జవాబు 3: జంప్‌ల మధ్య నీళ్లు నిలిస్తే అడుగు నానిపోతుంది. ముందు పక్కకాలువ తీసి, ఆ తర్వాతే మట్టి దింపించండి. వాన వెలిశాక పాదం ముద్ర పడనంత గట్టిపడేదాకా సైకిల్ ఎక్కనివ్వొద్దు.