బండి మనది, రేటు వాళ్ళది: నడిపేవాళ్ళే ఓనర్లైన చోట్లు ఎవరైనా చూశారా?

ఉప్పల్_సవారి:
ఆరేళ్ళుగా క్యాబ్ నడుపుతున్నా. బండి నా పేరు మీదే, కిస్తీ నాదే, ఇన్సూరెన్స్, టైర్లు, డీజిల్ అన్నీ నావే, కానీ ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి ఎంత తీసుకోవాలో చెప్పేది ఫోన్‌లో యాప్. పోయిన నెల కమీషన్ పెంచారు, ఎందుకని అడుగుదామంటే మనిషే దొరకడు. మా స్టాండ్‌లో పన్నెండు మందిమి సొంతంగా సొసైటీ పెట్టుకుందామని అనుకుంటున్నాం. పనిచేసేవాళ్ళే యజమానులు కావాలని ప్రజాస్వామ్య సోషలిస్టులు అంటారు కదా, అది నిజంగా నడిచిందా? మీరు చూసింది చెప్పండి.

పాలచీటీ:
అన్నా, మాది ముల్కనూర్ దగ్గర ఊరు, ఇప్పుడు కూకట్‌పల్లిలో ఉంటున్నా. అమ్మ అక్కడి మహిళా డెయిరీ సభ్యురాలు. 2000లో మొదలైంది, సభ్యులంతా ఆడవాళ్ళే. పొద్దున్నే క్యాన్ తీసుకుపోతే వెన్న శాతం చూసి చీటీ ఇస్తారు. అమ్మకు చదువు రాదు, కానీ ఆ చీటీలో అంకెలు గుర్తుపడుతుంది, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా వస్తే లైన్‌లోనే నిలబడి అడుగుతుంది. మిగులులో బోనస్ కూడా వస్తుంది. అదే ఊళ్ళో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి మొదలుపెట్టిన రైతుల సహకార సంఘం ఉంది, దాన్ని చూస్తూ పెరిగారు కాబట్టే ఆడవాళ్ళకు ధైర్యం వచ్చిందని నా నమ్మకం.

మల్కాజిగిరి_మెంబర్:
నాది చేదు అనుభవం, అది కూడా వినండి. నేనున్న ఒక హౌసింగ్ సొసైటీలో ఏళ్ళ తరబడి ఒకే మనిషి అధ్యక్షుడు. ఎంతో తిరిగాక మినిట్స్ బుక్ చూపించారు, తీరా చూస్తే సర్వసభ్య సమావేశానికి నేను వచ్చినట్టు సంతకం ఉంది. ఆ రోజు నేను నల్గొండలో మేనకోడలి పెళ్ళిలో ఉన్నా! కాగితం మీద అందరం ఓనర్లమే, లెక్క అడిగే అలవాటు పోయాక దానికి విలువ లేదు. మీరు పెడితే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద పెట్టండి, అందులో ప్రభుత్వ వాటా ఉండదు, జోక్యం తక్కువ. అంటే కాపలా మొత్తం మీదే.

రిస్క్_లెక్క:
లాభం పంచుకుంటారు సరే, నష్టమొస్తే ఎవరు భరిస్తారు?

పాలచీటీ:
సభ్యులే భరించాలి అన్నా, అందుకే మంచి ఏడాదిలో మొత్తం పంచేసుకోకుండా నిధికి కొంత పెట్టాలి. స్పెయిన్‌లో మాండ్రాగన్ అని పనిచేసేవాళ్ళే ఓనర్లైన సహకార సంఘాల కూటమి ఉంది, 1956లో మొదలైంది, అందులోని పెద్ద సంఘం ఫాగోర్ 2013లో దివాలా తీసింది కూడా. కానీ ఫాగోర్ సభ్యుల్లో చాలామందికి ఆ కూటమిలోని మిగతా సంఘాల్లో పని దొరికింది. అంత దూరం ఎందుకు, కేరళలో ఉరాలుంగల్ కూలీల సంఘం 1925 నుంచి ఉంది, రోడ్లూ వంతెనలూ కడుతోంది.

చింతల్_అక్క:
ఓనర్‌షిప్ వచ్చేదాకా మాలాంటోళ్ళు ఆగలేరు తమ్ముడూ. నేను రెండిళ్ళలో వంట చేస్తా. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి ఆ డబ్బు పక్కన పెట్టి పాప ట్యూషన్‌కు కడుతున్నా. దీన్ని ఉచితమని చిన్నచూపు చూస్తే మనసు కష్టమనిపిస్తుంది. మన దేశంలో వారసత్వ ఆస్తి మీద పన్ను 1985లో తీసేశారు, సంపద పన్ను 2015లో తీసేశారు, వాటిని ఎవరూ ఉచితం అనలేదు.

ఆబిడ్స్_ఆదివారం:
అక్క మాట నూటికి నూరుపాళ్ళు నిజం. పంచడమూ కావాలి, పెత్తనంలో వాటా కూడా కావాలి. చదవాలంటే ముందు అంబేడ్కర్ 1947లో రాజ్యాంగ సభ కోసం రాసిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’ చదవండి, చిన్నదే. కీలక పరిశ్రమలు, బీమా ప్రభుత్వానివి కావాలి, భూమిని ప్రభుత్వం తీసుకుని ఊరివాళ్ళకు కులం చూడకుండా ఉమ్మడి సాగుకు ఇవ్వాలి అంటారు, ఇదంతా నియంతృత్వం లేకుండా పార్లమెంటరీ ప్రజాస్వామ్యంలోనే జరగాలంటారు. తర్వాత రాజ్యాంగంలో 39వ అధికరణం చూడండి, సంపద కొద్దిమంది దగ్గర పోగుపడకూడదని ఉంది, కాకపోతే అది ఆదేశిక సూత్రం, దాని అమలు కోసం కోర్టుకు వెళ్ళలేం. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం లైబ్రరీలో కూర్చుని చదువుకోవచ్చు.

ఉప్పల్_సవారి:
అందరికీ థ్యాంక్స్. మల్కాజిగిరి అన్న చెప్పిన సంతకం సంగతి ఇవాళ స్టాండ్‌లో చదివి వినిపించా, నెలనెలా లెక్క గ్రూప్‌లో పెట్టాల్సిందేనని అందరూ ఒప్పుకున్నారు. పాలచీటీ చెల్లెమ్మా, అమ్మ దగ్గరున్న ఒక చీటీ ఫోటో పంపుతావా? మా ట్రిప్ లెక్క కూడా అట్లనే ఒక్క కాగితంలో రాసుకుందామని.