టోబా పేలినప్పుడు మనుషులంతా పోయారా? జ్వాలాపురం సంగతి తేల్చండి

రాళ్లమూట:
ఇండోనేసియాలోని సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం 74 వేల ఏళ్ల కిందట పేలి, లోకమంతా చలి కమ్మి, మనిషి జాతి కొన్ని వేల మందికి పడిపోయిందని మా వాడి పాఠం వీడియోలో విన్నాను. కానీ మన నంద్యాల జిల్లా జ్వాలాపురంలో ఆ బూడిద పొర కిందా రాతి పనిముట్లే, పైనా రాతి పనిముట్లేనట. మరి చచ్చిందెవరు?

బేతంచెర్ల మాస్టారు:
ఎవరూ చావలేదు నాయనా, అది పాత కథ. 1998లో స్టాన్లీ ఆంబ్రోస్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త ఆ వాదన పెట్టాడు. మనుషుల జన్యువుల్లో తేడాలు ఇంత తక్కువగా ఎందుకున్నాయన్న ప్రశ్నకి అది సులువైన జవాబు, అందుకే అంతటా పాకింది. 2007లో పురావస్తు శాస్త్రవేత్తలు మైఖేల్ పెట్రాగ్లియా, ధార్వాడ్‌కి చెందిన రవి కోరిశెట్టర్, ఇంకా కొందరు కలిసి మన జుర్రేరు లోయలో తవ్విన ఫలితాలు 'సైన్స్' పత్రికలో వేశారు. బూడిద కింది పొర వయసు 77 వేల ఏళ్లు, పై పొర 74 వేలు. రెండింటిలోనూ పనిముట్లు ఒకే తీరు. టోబాకీ జ్వాలాపురానికీ సుమారు 2,600 కిలోమీటర్లు. బూడిద వచ్చి పడ్డ ఊళ్లోనే జనం మళ్లీ అవే రాళ్లు చెక్కుకుంటుంటే ఇక ప్రళయం ఎక్కడ?

బూడిదగుంత:
మాది ఆ పక్క ఊరే సార్. అక్కడ బూడిద రెండున్నర మీటర్లు ఉంది. నేను గుంతలో దిగితే గట్టు మీదోళ్లకు నా తల కనపడదు. అంత నెత్తిన పడితే ఎవడు బతుకుతాడు?

బేతంచెర్ల మాస్టారు:
రెండున్నర మీటర్లూ ఆకాశం నుంచి పడలేదు. పడింది కొన్ని సెంటీమీటర్లు. మిగతాదంతా చుట్టూ ఉన్న గుట్టల మీద పడి, వానలకి కొట్టుకొచ్చి పల్లంలో చేరింది. మీ ఇంటి ముందు గుంతలో మోకాలి లోతు నీళ్లుంటే ఊళ్లో మోకాలి లోతు వాన పడ్డట్టా?

చింతకాయ:
జ్వాలాపురం అన్న పేరు ఇందుకే వచ్చిందా? జ్వాల అంటే మంటే కదా.

రాళ్లమూట:
74 వేల ఏళ్ల నాటి మంటని గుర్తుపెట్టుకుని పేరు పెట్టిన గ్రామపెద్దలు ఎవరో, వాళ్లకి ఒక దండం.

పుప్పొడి:
మాస్టారు గారూ, ఆ 77 వేలకీ 74 వేలకీ పక్కన ఇంకో అంకె ఉంటుంది, దాన్ని మీరు వదిలేశారు. ఆరేడు వేల ఏళ్లు అటూ ఇటూ కావచ్చని వాళ్లే రాశారు. అగ్నిపర్వతం తెచ్చే చలి ఉండేది కొన్నేళ్లు, మహా అయితే కొన్ని దశాబ్దాలు. ఊరంతా చచ్చిపోయి, వెయ్యేళ్ల తర్వాత వేరేవాళ్లెవరో వచ్చి అలాంటి రాళ్లే చెక్కినా మీ గుంతలో ఆ తేడా కనిపించదు.

2009లో మార్టిన్ విలియమ్స్ బృందం బంగాళాఖాతం అడుగు మట్టిలోని పుప్పొడినీ, మధ్య భారతంలో బూడిదకి పైనా కిందా ఉన్న నేలలోని కర్బనాన్నీ పరీక్షించింది. టోబా తర్వాత చెట్లు తగ్గి గడ్డి పెరిగిందని తేల్చింది. అడవి మీద బతికేవాళ్లకి అది చిన్న మార్పా? ఇంకో మాట. జ్వాలాపురం బూడిద దగ్గర ఆ కాలపు మనిషి ఎముక ఒక్కటీ దొరకలేదు. ఆ రాళ్లు చెక్కింది మన హోమో సేపియన్స్ జాతివాళ్లేనని పాల్ మెల్లార్స్ లాంటి పురావస్తు శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. ఎవరు బతికారో తెలియకుండానే 'బతికారు' అంటున్నారు మీరు.

బేతంచెర్ల మాస్టారు:
మన గుంత ఒక్కటే కాదమ్మా. మధ్యప్రదేశ్‌లో సోన్ లోయలోని ధాబా అనే చోట సుమారు 80 వేల ఏళ్ల కిందటి నుంచి పనిముట్లు తెగకుండా దొరుకుతున్నాయని 2020లో బయటపెట్టారు. దక్షిణాఫ్రికా తీరంలో పిన్నకిల్ పాయింట్ దగ్గర టోబా బూడిదలోని గాజు రేణువులు దొరికాయి, ఆ పొర దాటాక కూడా మనుషులు హాయిగా ఉన్నారు. ఆఫ్రికాలోనే మలావీ సరస్సు అడుగు మట్టిలో పెద్ద చలి జాడే లేదు.

1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలితే భూమి అర డిగ్రీ చల్లబడింది. టోబా దానికి వందల రెట్లు పెద్దది కదా అని జనం గుణించేస్తారు. కానీ చలి తెచ్చేది బూడిద కాదు, పైకి పోయిన గంధకం. ఎంత రాయి కక్కిందన్న లెక్కని బట్టి ఎంత గంధకం పంపిందో చెప్పలేం.

బూడిదగుంత:
గంధకం సరే. రెండున్నర మీటర్ల సంగతి చెప్పండి.

బేతంచెర్ల మాస్టారు:
చెప్పాను. పైన చదువుకో.

బూడిదగుంత:
చదివితినిలే సార్. ఆ బూడిద మీరు పత్రికలో చదివినారు, నేను దాంట్లో ఆడుకున్నా. ముగ్గుపిండి కంటే మెత్తగా ఉంటాది. మా అమ్మ గిన్నెలు దాంతోనే తోమేది. సన్న గాజు కాబట్టి మసి ఇట్టే పోతాది. మా నాయన ట్రాక్టర్ల లెక్కన అమ్మినాడు, అంట్లు తోమే పౌడర్లలో కలుపుతారని కొనుక్కుపోయేటోళ్లు. నాలుగేండ్లు మా ఇల్లు గడిచింది దాని మీదే.

బేతంచెర్ల మాస్టారు:
ఇప్పుడు అర్థమైంది! నేను పిల్లల్ని బస్సులో తీసుకెళ్లి అక్కడ తవ్విన గుంత గోడ చూపించాను. కింద ఎర్రమట్టి, మధ్యలో తెల్లటి చార, ఒక పిల్ల దాని మీద చెయ్యి పెట్టి "ఇది సముద్రం దాటి వచ్చిందా సార్" అని అడిగింది. మూడేళ్ల తర్వాత ఇంకో బ్యాచ్‌ని తీసుకెళ్తే గోడ లేదు, టైరు గుర్తులున్నాయి. ఆ రోజు పిల్లలకి గాలిలో చెయ్యి ఊపి పాఠం చెప్పాను. లోకమంతా చదివే సాక్ష్యాన్ని అంట్లు తోమడానికి అమ్మిన దొంగలు మీరా?

బూడిదగుంత:
దొంగ అంటే ఊరుకోను సార్. పట్టా భూమి, మా తాత సంపాదించినది. రెండెకరాలు. బోరు పడలేదు. బుడ్డలు వేస్తే విత్తనం ఖర్చు కూడా రాలేదు. ఒక ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి తవ్వకూడదన్నాడు. సరే, మాకేమిస్తారు అంటే "మీ ఊరికి పేరొస్తుంది" అన్నాడు. పేరు పెట్టి మా చెల్లెలి పెండ్లి చేయాల్నా? తవ్వకం ఆపినాము. ఆ తర్వాత ఎవరూ రాలేదు. ఒక బోర్డు లేదు, కంచె లేదు. మీరు బస్సులో వచ్చి చూసి పోతారు. మీకది పాఠం, మాకది పొలం.

74 వేల ఏండ్ల కిందటోళ్లు బతికినారా అని ఇంత బాధపడతా ఉన్నారు. ఇప్పుడు ఆ బూడిద మీద ఉండేటోళ్లు ఎట్ల బతుకుతున్నారని ఒక్కరన్నా అడిగినారా?

చింతకాయ:
👏

మెదాన్ వాసి:
మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. నేను సుమత్రాలోని మెదాన్‌లో ఆరేళ్లు పనిచేశాను. టోబా పేలి కుంగిన చోటే ఇప్పుడు సరస్సు. 100 కిలోమీటర్ల పొడవు, 30 వెడల్పు, 500 మీటర్ల లోతు. పరాపట్ నుంచి పడవెక్కితే మధ్యలో సమోసిర్ అనే దీవి. నిజానికి అది కింది నుంచి పైకి ఉబ్బి వచ్చిన సరస్సు అడుగే. దాని మీద బతక్ అనే తెగవాళ్లు వరి, కాఫీ పండిస్తారు, పడవ ముక్కులాంటి కప్పుల ఇళ్లు కడతారు. 2020లో యునెస్కో ఆ టోబా ప్రాంతాన్ని జియోపార్క్, అంటే కాపాడుకోవాల్సిన భూవిజ్ఞాన ప్రదేశం, చేసింది.

అందరికీ మేలు జరిగిందనుకోకండి. సరస్సులో వలల పంజరాల్లో చేపలు పెంచి బతికేవాళ్లున్నారు. నీళ్లు పాడవుతున్నాయి, టూరిస్టులు రారు, పంజరాలు తగ్గించండని ప్రభుత్వం పట్టుబట్టింది. హోటలు ఉన్నవాడు సంతోషించాడు, పంజరం ఉన్నవాడు మీ బూడిదగుంత తమ్ముడిలాగే మాట్లాడాడు.

పుప్పొడి:
తమ్ముడూ, మీ నాన్నగారిని తప్పుపట్టను. కానీ కొత్త పద్ధతులు వస్తున్నాయి. ఆ ఆరేడు వేల ఏళ్ల తేడాని రేపు తగ్గించగలిగితే, పరీక్షించడానికి పొర మిగిలి ఉండాలి కదా. నేను అడిగిన ప్రశ్నకి జవాబు ఆ పొరలోనే ఉంది.

బూడిదగుంత:
అక్కా, అది మీరు డబ్బులిచ్చి మిగుల్చుకోండి. మా చేత ఊరికే మిగిలించొద్దు.

బేతంచెర్ల మాస్టారు:
దొంగ అన్న మాట నేను అనకూడనిది. వెనక్కి తీసుకుంటున్నాను. తవ్వడం సరే అని మాత్రం ఒప్పుకోను. ఆ ఆఫీసులకి నేనూ మూడుసార్లు అర్జీ పెట్టాను, కంచె వేయమని. రైతుకి ఏమివ్వాలన్న మాట ఆ మూడింటిలోనూ రాయలేదు, అది ఇప్పుడు చూసుకుంటున్నాను.

మీ పొలంలో ఏమైనా మిగిలిందా?

బూడిదగుంత:
గట్టు కింద కొంచెం ఉంది. పైన వేపచెట్టు ఉందని నాయన తవ్వనీయలేదు.

రాళ్లమూట:
అయ్యా, చివరికి మనుషులు చచ్చారా, లేదా?

బేతంచెర్ల మాస్టారు:
ఆదివారం రావచ్చా? పిల్లల్ని తీసుకురాను, నేనొక్కణ్ణే వస్తాను.

బూడిదగుంత:
రండి సార్, భోజనం మా ఇంట్లోనే. వచ్చేటప్పుడు టేపు తెచ్చుకోండి. రెండున్నర మీటర్లు మీ చేతనే కొలిపిస్తా.