గన్నేరు హాక్ మాత్ ప్యూపా డబ్బాలో తడి ఎంత ఉండాలి?

కూకట్‌పల్లిలో బాల్కనీ కుండీలోని నందివర్ధనం మీద వేలంత లావు ఆకుపచ్చ గొంగళిపురుగు ఉందండీ. తోక దగ్గర పసుపు కొమ్ము, పక్కల వెంట తెల్ల చార. ముట్టుకుంటే తల లోపలికి ముడిచి, దాని వెనకే ఉన్న రెండు నీలి కళ్లచుక్కల్ని ఉబ్బించి చూపిస్తోంది. కాబట్టి ఇది గన్నేరు హాక్ మాత్ (సీతాకోకచిలుక లాంటి రెక్కల పురుగు; శాస్త్రీయ నామం డాఫ్నిస్ నెరీ) గొంగళే, అందులో అనుమానం లేదు. ఇప్పుడు వీపు గోధుమరంగుకు తిరిగింది, మేత మానేసి కాండం దిగుతోంది. అంటే ప్యూపా (రెక్కల పురుగుగా మారే ముందు మేత లేకుండా ఉండే దశ) అయ్యే వేళ.

డబ్బాలో 2 అంగుళాల తడి కోకోపిట్ (కొబ్బరిపీచు పొడి), పైన ఎండుటాకులు వేశాను. ఇది లోతుకు దూరదు, ఆకుల కిందే పలచగా గూడు అల్లుకుంటుంది కదా, కోకోపిట్ తగ్గించాలా? తడి ఎక్కువైతే బూజు, మరీ ఎండితే రెక్కలు సరిగా విచ్చుకోవు. ఈ ఎండల్లో ఎన్నాళ్లకోసారి నీళ్లు చిలకరించాలి? బయటికొచ్చాక ఎక్కి వేలాడటానికి గరుకు పుల్ల ఒకటి సరిపోతుందా, గోడలకు నెట్ కూడా కట్టాలా?

మందు కొట్టమని మాత్రం చెప్పకండి, ఆకులు మళ్లీ వస్తాయి.